పదకొండు పుస్తకాల బొటనవేలు

ఇరవై మూడో పేజీలో కోడిగుడ్డు సొన. నలభయ్యో పేజీలో వెంట్రుక, మూరెడు పొడవుంది. అరవై ఒకటిలో చంపిన దోమ. దోమ ఒక్కటే అయితే ఊడ్చెయ్యచ్చు, అది తాగిన రక్తం కూడా ఉంది. నూట పన్నెండు, నూట పదమూడు పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని విడదీయడమా, అలాగే వదిలెయ్యడమా అని బైండరమ్మాయి కాసేపు ఆలోచించింది. వదిలేస్తే పని కాదు. పలచటి చెక్క బద్ద దూర్చి మెల్లగా పైకి లేపింది. లోపల ఎవరో నమిలి దాచుకున్న చూయింగ్ గమ్ ఉంది.

"ఛీ!" అంది పైకే.

ముందు గదిలో కౌంటర్ దగ్గర కూర్చున్న బాబాయి తల తిప్పాడు. "ఈసారి ఏం దొరికిందే?"

"పళ్ళు."

"పళ్ళా?"

"పళ్ళ గుర్తులు. నాలుగు పైవి, మూడు కిందివి. తెచ్చి చూపించనా?"

"నాకెందుకమ్మా, ఇప్పుడే తిని వచ్చా," అని బాబాయి మళ్ళీ పేపర్లోకి దూరాడు.

బాబాయిది నవలలు అద్దెకిచ్చే లైబ్రరీ. వీధి వైపు గదిలో అరలు, కౌంటర్. వెనక వైపు కిటికీ ఉన్న చిన్న గది బైండరమ్మాయిది. కుట్లు ఊడినవి, అట్టలు పోయినవి, వీపు చీలినవి అన్నీ ఆ గదికే వస్తాయి. చదువు పదో తరగతితో ఆగాక ఆమె ఊళ్ళో ఒక ముసలి బైండరు దగ్గర రెండేళ్ళు కుట్టు నేర్చుకుంది. తర్వాత బాబాయి, "బయటివాళ్ళ చేతుల్లో పెట్టేకన్నా అన్న కూతురి చేతుల్లో పెడితే నయం," అని తీసుకొచ్చాడు. నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఆమెకు పుస్తకాల మీద ప్రేమ పెరిగిందో లేదో గాని, పుస్తకాలు చదివేవాళ్ళంటే మాత్రం రోత పుట్టడం మొదలైంది.

దానికి సగం కారణం బాబాయి పెట్టిన ఎర్రచుక్కల పద్ధతి. ఎవరైనా నవల తీసుకెళ్ళి మర్నాడే తిరిగిచ్చేస్తే, అంటే ఒక్క బిగిన చదివేస్తే, దాని వీపు మీద బాబాయి ఎర్ర సిరాతో ఒక చుక్క పెడతాడు. ఐదు చుక్కలు వచ్చిన నవల కౌంటర్ పక్కనున్న ప్రత్యేకమైన అరలోకి ఎక్కుతుంది. ఆ అర మీద బాబాయే స్వయంగా రాసుకున్నాడు: "పట్టుకుంటే దించలేరు." జనం తలుపు తీయగానే ఆ అర మీదకే పడతారు.

"రాత్రి అన్నం మాడిపోయిందండీ, మా ఆయన అరుస్తూనే ఉన్నాడు, నేను మాత్రం పుస్తకం దించితే ఒట్టు!" అని ఒకావిడ చేతులు తిప్పుతూ చెబుతుంది.

"నేను పళ్ళు తోముకుంటూ కూడా చదివా బాబాయిగారూ," అని ఇంకొకాయన.

బాబాయి మొహం వెలిగిపోతుంది. ఎర్ర సిరా సీసా మూత తీస్తాడు. వెనక గదిలో అమ్మాయికి మాత్రం ఆ మాటలన్నీ మరకల్లా వినిపిస్తాయి. పళ్ళు తోముకున్నాయన నురగ ఎన్నో పేజీలో ఉంటుందో, మాడిన అన్నం చేత్తో తీసినావిడ వేళ్ళు ఎక్కడెక్కడ పడి ఉంటాయో ఆమెకు ముందే తెలుసు. ఎంత మంచి నవలైతే అంత మురికి. కవిత్వం అరలో చెయ్యి పెడితే దుమ్ము తప్ప ఏమీ అంటదు. వ్యాసాల పుస్తకాలైతే పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి. దించలేనివే ముట్టుకోలేనంత కంపు.

"తినేటప్పుడు తినాలి, చదివేటప్పుడు చదవాలి. ఈ రెండూ ఒకేసారి చేసేవాళ్ళు మనుషులేనా?" అనేది.

"నువ్వూ ఒకసారి చదివి చూడు, అప్పుడు తెలుస్తుంది," అనేవాడు బాబాయి.

"నేను నవలలు చదవను బాబాయ్. వాటి లోపల ఏముంటుందో నాకు బాగా తెలుసు."

పుస్తకం చేతికి రాగానే ఆమె రెండు చేతులకూ రబ్బరు గ్లౌజులు తొడుక్కునేది. తుడవడం, గీకడం, వెంట్రుకలు లాగడం అన్నీ గ్లౌజులతోనే. తర్వాత విడి సెక్షన్లు, అంటే మడత కాగితాల కట్టలు, కలిపి కుట్టి, వీపుకు జిగురు పూసి, చివర్న పేజీలు సరిచూడాలి. ఒక్క సెక్షన్ తారుమారైనా కథలో చచ్చినవాడు మళ్ళీ లేచి కాఫీ తాగుతాడు. ఒకసారి అలా జరిగి పాఠకులు కౌంటర్ మీద చెయ్యి చరిచి గొడవ చేశారు. అప్పటినుంచి బాబాయి ప్రతి పేజీ సరిచూడాల్సిందేనన్నాడు. రబ్బరు గ్లౌజుకి సూదీ కాగితమూ చిక్కవు. అందుకని కుట్టు, జిగురు, ఈ సరిచూడటం మాత్రం ఆమె వట్టి చేతులతోనే చేసేది. అంకెలు చూసుకుంటూ పోతే చాలు. అయితే అంకె పైన అక్షరాలుంటాయి. అవి కంటికి అడ్డం పడతాయి.

"ఇంకా అవ్వలేదా?" అని బాబాయి కేకేసేవాడు.

"సరిచూస్తున్నా."

"ఒక్క పుస్తకం పొద్దున్నించీ సరిచూస్తున్నావా?"

"కుట్టు మొత్తం ఊడిన పుస్తకం బాబాయ్, తొందరపెడితే ఎలా?" అనేది. పక్కన గిన్నెలో మైదా జిగురు మీద తెట్టు కట్టి ఉండేది.

ఆ ఏడాది ఆమె కొత్తగా ఒక మరకను కనిపెట్టింది. ఎర్రచుక్కల అరలోని ఒక నవల రెండోసారి బాగుకు వచ్చినప్పుడు, పేజీల కింది మూలల్లో వరసగా గోధుమరంగు బొటనవేలి ముద్రలు కనిపించాయి. ఒకటి కాదు, రెండు కాదు, నలభై పేజీల పొడవునా ఉన్నాయి. గీతలతో సహా అచ్చు పడ్డాయి. మధ్యలో ఏటవాలుగా ఒక సన్నటి ఖాళీ గీత. అక్కడక్కడ ఆ ముద్రల్ని ఏవో పురుగులు కొరికాయి. ఒక ముద్ర పక్కనే బొద్దింక గుడ్ల సంచి అంటించి పోయింది. దాన్ని గీకుతుంటే ఆమెకు పొద్దున తిన్నది గొంతు దాకా వచ్చింది.

"ఏదో జిడ్డు చెయ్యి. నూనెలో ముంచుకుని చదివినట్టున్నాడు," అని మొహం పక్కకు తిప్పుకుంది.

నెల తిరగకుండా ఇంకో పుస్తకంలో అదే వేలు. తర్వాత ఇంకొకటి. ఏటవాలు గీతతో సహా అదే. కథ మొదట్లో ఉండదు. కథ బిగిసేచోట మొదలవుతుంది, బిగిసేకొద్దీ ముదురుతుంది, ముడి విడిపోగానే మాయమవుతుంది. ఎవడో ఒకడు ఒళ్ళు మరిచి, నోరు తెరిచి, జిడ్డు వేలితో పేజీ తర్వాత పేజీ తోసుకుంటూ పోయాడన్నమాట. ఆ నోరు తెరిచిన మొహం ఆమె కళ్ళకు కట్టేది. అన్నం కలుపుతుంటే అదే గుర్తొచ్చేది. ముద్ద కంచంలోనే వదిలేసి లేచేది.

పదకొండు పుస్తకాల్లో ఆ వేలు దొరికాక ఆమె కౌంటర్ మీది రిజిస్టర్ తెచ్చుకుని కూర్చుంది. ఏ నవల ఏ కార్డు మీద వెళ్ళిందో అందులో ఉంటుంది. రెండు రోజులు వేలు పెట్టి వెతికింది. పదకొండింటినీ తీసుకెళ్ళిన కార్డు ఒక్కటే: రెండువందల పన్నెండు. పేరు పక్కన బాబాయి రాసుకున్నాడు, "లాండ్రీ, మరకల బల్ల."

"మరకల మాస్టారా?" బాబాయి కళ్ళజోడు తీశాడు. "ఆ వీధిలో ఎవరి కోటు మీద ఏం ఒలికినా ఆయనే తీస్తాడు. ఆయన చేతులు నువ్వెప్పుడైనా చూశావా?"

"చేతులెందుకు? పుస్తకాలు చూశా."

"ఎర్రచుక్క పడ్డ ప్రతి నవలా చదువుతాడే ఆయన. ప్రాణం పెడతాడు."

"ప్రాణం పెట్టుకోమను, వేలు పెట్టడం దేనికి? నువ్వు తలుపు దగ్గర ఆ బోర్డు ఊరికే పెట్టావా మరి?"

తలుపు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. పైన "పుస్తకాలు పాడుచేసినవారు" అని పెయింటుతో రాసి ఉంటుంది. పేర్లు రాయరు గాని కార్డు నంబరు, పని రాస్తారు. అక్కడికెక్కిన కార్డు రద్దయినట్టే. బాబాయి సణిగాడు, తల గోక్కున్నాడు, చివరికి సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: "212. లాండ్రీ, మరకల బల్ల." రాశాక సబ్బుతో చెయ్యి కడుక్కుంది. ఆ రోజు అన్నం సహించింది.

మరకల మాస్టారు ఆ వారమంతా రాలేదు. ఆయన దగ్గర ఒక నవల ఉండిపోయింది. పడవలో దొరికిన ట్రంకుపెట్టె కథ, తొమ్మిది చుక్కలది. ఆ పదకొండింట్లో ఒకటి, ఆయన రెండోసారి తీసుకెళ్ళింది. గురువారం మధ్యాహ్నం బాబాయి, "నేను వెళ్ళి ఆయన మొహం చూడలేను," అన్నాడు.

"నేనెళ్తా," అంది అమ్మాయి. ఆ వేలు ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని ఆమెకు చాలా రోజులుగా ఉంది. గ్లౌజులు సంచిలో వేసుకుంది.

లాండ్రీ ముందు గది అద్దంలా ఉంది. కౌంటర్ వెనక యజమానురాలు కోట్లకు చీటీలు గుచ్చుతోంది.

"మరకల మాస్టారు ఉన్నారా అండీ?"

"వెనక తొట్టి దగ్గరున్నాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నాడు. మీరెవరు?"

"లైబ్రరీ నుంచి."

యజమానురాలు చీటీ గుచ్చడం ఆపింది. "ఓహో, ఆ బోర్డు మీదేనా? నిన్నగాక మొన్న ఒకావిడ అది చదివొచ్చి పెళ్ళి పట్టుబట్టలు వెనక్కి పట్టుకుపోయింది. తను చదివే పుస్తకమే మురికి చేసుకునేవాడు నా బట్టలేం బాగుచేస్తాడంది. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల ఆయనదేనమ్మా. ఏం చెయ్యను? తొట్టికి మార్చా. శనివారం దాకా చూస్తా. తర్వాత బల్లకి వేరే మనిషిని పెట్టుకోవాలి."

అమ్మాయికి ఇందులో తప్పేమీ కనబడలేదు. అయినా ఆ శనివారం అన్న మాట వెంట వచ్చింది. సంచి భుజాన సర్దుకుని వెనక్కి నడిచింది.

భోజనాల వేళ. ఇస్త్రీ హాల్లో ఆడవాళ్ళు ఐదారుగురు డబ్బాలు ముగించి, వరసగా కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. హాలు మధ్యలో ఒక బల్ల, దాని మీద చెక్క స్టాండు, స్టాండు మీద తెల్లటి గుడ్డ కప్పిన పుస్తకం. ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు.

"ఎవరు కావాలి?" అని అడిగింది ఒకామె. మొహమంతా ఎర్రగా ఉడికినట్టుంది. అందరూ ఆమెను ఆవిరక్క అంటున్నారు.

"లైబ్రరీ పుస్తకం తీసుకెళ్దామని."

"నువ్వేనా ఆ పిల్లవి!" ఆవిరక్క తడిచేతులు నడుం మీద పెట్టుకుంది. "రోజూ ఈ వేళకి మాస్టారు చదివి వినిపించేవాడు. సరిగ్గా పెట్టె తాళం పగలగొట్టే చోట మెడపట్టి గెంటేశారు కదే మమ్మల్ని! ఇక ఆ పుస్తకం ముట్టుకోనని కూర్చున్నాడు ఆయన. మాకేమో ఇస్త్రీ మీద ధ్యాస లేదు. నిన్న ఇది ఒక చొక్కా చెయ్యి కాల్చేసింది."

"నా తప్పు కాదక్కా, పెట్టెలో శవముందా లేదా అని నువ్వు అడిగితేనే కదా అటు తిరిగింది," అంది పక్కనున్న పడుచు.

"శవం కాక ఏముంటుంది? అంత బరువుంటే!"

"ఖాళీ పెట్టె. నే చెబుతున్నాగా. అందర్నీ భయపెట్టడానికి పెట్టాడు పడవవాడు."

"ఖాళీ పెట్టెని నలుగురు మోస్తారా, మొద్దూ?"

"ఖాళీ కాదు," అంది బైండరమ్మాయి. "పైకి ఖాళీగా కనిపిస్తుంది. అడుగున ఇంకో అడుగుంటుంది కదా. ఆ సందులో పడవవాడి తమ్ముడి..."

ఆగిపోయింది.  కుళాయి ఒక్కటే కారుతోంది.

"తమ్ముడి?" అంది ఆవిరక్క, ఊపిరి బిగబట్టి.

"చదివావన్నమాట," అని వెనకనుంచి ఒక గొంతు.

తలుపులో ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన వయసు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. తొట్టి వాసన ఆయనకంటే ముందు లోపలికొచ్చింది. మలం, మందులు, సోడా కలిసిన వాసన. అమ్మాయి తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేసింది.

"చదవలేదు. సరిచూశా," అంది.

"సరే. నా మీద పడ్డ మచ్చ ఏదో నాకూ చూపించు తల్లీ. ఊరంతా చదివారు, నాకే ఎవరూ చూపించలేదు. ఈసారి తెచ్చుకునేసరికే మధ్య పేజీల్లో ఒకటి రెండు మచ్చలు తేలి ఉన్నాయి. మీకు చెబుదామనుకున్నా, అంతలో మీరే నాకు చెప్పారు."

ఆమె గ్లౌజులు తొడుక్కుంది. గుడ్డ తీసి, నూట డెబ్బై ఎనిమిదో పేజీ తెరిచింది. వెతుక్కోకుండానే తెరిచింది. కింది మూలలో గోధుమరంగు బొటనవేలు, ఏటవాలు గీత.

మాస్టారు కుళాయి దగ్గర మూడుసార్లు చెయ్యి కడిగి, తుడుచుకుని వచ్చాడు. పుస్తకాన్ని చేత్తో ముట్టుకోలేదు. జేబులోంచి చొక్కా కాలరులో పెట్టే పలచటి పుల్ల తీసి, దాంతో కాగితం కొన లేపాడు. "చూస్తే సగమే తెలుస్తుంది. ఆ గ్లౌజు తీసి తాకు."

"వద్దు."

"పుస్తకానికి నువ్వు డాక్టరువి కదమ్మా. నాడి చూడకుండా రోగం రాసేశావా?"

ఇస్త్రీ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆమెకు రోషం వచ్చింది. గ్లౌజు లాగేసి, కళ్ళు చిట్లించుకుని, చూపుడువేలితో ఆ మరకను తాకింది.

జిడ్డు లేదు. బిరుసుగా ఉంది. గోరు తగిలితే చిన్న పొలుసు లేచింది. ఆ పొలుసు ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం పని ముగించాక తన వేళ్ళ మీదనుంచి ఒలుచుకునే పొలుసే అది.

"నూనె అయితే కాగితం అవతల వెలుగు కనబడుతుంది," అంటూ మాస్టారు పుల్లతోనే పేజీని కిటికీ వైపు ఎత్తాడు. "ఇక్కడ వెలుగు ఆగిపోయింది చూడు. ఇది పిండి. పూసినప్పుడు కనబడదు. నెలలు పోయాక పసుపెక్కుతుంది, దుమ్ము పట్టి ఇలా తేలుతుంది. అంచున ఆకుపచ్చగా ఆ చుక్క ఏంటనుకున్నావు? తుత్తం. పురుగు పట్టకుండా మీరు జిగురులో కలుపుతారే, అది. సరిగా కరగలేదు. తుత్తం తక్కువైనచోట పురుగు తిన్నది కూడా."

తర్వాత తన బొటనవేలు చూపించాడు. ఇరవై ఏళ్ళ మందులకు అరిగిపోయి, తెల్లగా, నున్నగా ఉంది. దాని మీద గీతలే లేవు.

"ఆ పుస్తకాలన్నిటినీ పట్టుకున్నది నేనొక్కడినేనా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టు.

ఇంకొకరున్నారు. ఆ మనిషి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అమ్మాయి తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు పైకెత్తి చూసుకుంది. బొటనవేలికి అడ్డంగా, ఏటవాలుగా, అట్టలు కోసే కత్తి జారి మానిన గాటు.

 పదకొండు పుస్తకాలు. బొద్దింక గుడ్లు పెట్టింది తను వడ్డించిన పిండికి. పురుగులు కొరికింది తన వేలిని. వాంతి ఆపుకుంటూ, మొహం పక్కకు తిప్పుకుంటూ తను గీకింది తనలోంచి ఊడిందే. నోరు తెరిచి, ఒళ్ళు మరిచి పేజీలు తోసిన ఆ మొహం కోసం ఇన్నాళ్ళూ వీధిలో పోయే ప్రతివాడినీ అనుమానంగా చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి గ్లౌజు లేకుండా తాకి ఉంటే మొదటి పుస్తకానికే తెలిసిపోయేది.  ఈసారి చెయ్యి కడుక్కుంటే పోయే అసహ్యం కాదది.

మాస్టారు పుల్లతో పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు. "నూట యాభైలో మొదలుపెట్టావు. ఇక్కడ తేలిగ్గా పడింది. ఇదిగో, తాళం దగ్గరికొచ్చేసరికి గట్టిగా నొక్కావు. నీకూ అక్కడే ఊపిరాడలేదన్నమాట," అని నవ్వాడు. ఒక పాఠకుడు ఇంకో పాఠకురాలితో నవ్వే నవ్వు. తన లోపలి గదిలోకి ఎవరో చెప్పులతో వచ్చినట్టనిపించింది ఆమెకు.

"పుస్తకం ఇక్కడే ఉండనివ్వండి," అని మాత్రం అనగలిగింది.

"తమ్ముడి ఏంటో చెప్పి పోవే!" అని ఆవిరక్క వెనకనుంచి అరిచింది.

లైబ్రరీలో బాబాయి అంతా విని ఎర్ర సిరా సీసా మూత బిగించాడు.

"సరేలే. బోర్డు తుడిచేద్దాం. ఆయన కార్డు ఆయనకిచ్చేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"తుడిచేస్తే ఆయన తప్పు చేశాడు, మనం వదిలేశాం అనుకుంటారు. ఆ యజమానురాలు శనివారం దాకే చూస్తానంది."

"మరి? బైండరే పాడుచేసిందని రాసుకుంటామా? జనం ఏమంటారే! నా పరువు సంగతేంటి?"

"రాసేటప్పుడు నీ పరువు అడ్డం రాలేదుగా. సుద్దముక్క ఇటివ్వు."

"అన్నయ్యకి తెలిస్తే..."

"నాన్నకి నేనే చెప్పుకుంటా."

పాత గీతలు తడిగుడ్డతో తుడిచి, అవే గుండ్రటి అక్షరాలతో రాసింది: "212 తప్పేమీ లేదు. పదకొండు పుస్తకాలు పాడుచేసింది ఈ లైబ్రరీ బైండరు. జిగురు చెయ్యి."  తర్వాత లాండ్రీకి మనిషిని పంపి యజమానురాలిని రమ్మంది.

ఆవిడ శనివారం పొద్దున్నే వచ్చింది. బోర్డు రెండుసార్లు చదివింది. లోపలికొచ్చి, "ఏదీ, ఆ పుస్తకాలు చూపించు," అంది. అమ్మాయి లాండ్రీలో ఉన్నది పోగా మిగిలిన పదింటినీ కౌంటర్ మీద పరిచింది. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, బొటనవేలు జిగురులో ముంచి, దాని మీద ఒత్తింది. రంగు తేలడానికి బొగ్గుపొడి చల్లి ఊదింది. ఏటవాలు గీత తేలింది.

యజమానురాలు కాగితాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి వంగి చూసింది. ఒక పేజీలో కొరుకుడు గుర్తులు, వాటి పక్కన ఎండిన రెట్టలు కనబడగానే మొహం చిట్లించి, కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఛీ! ఇదంతా నీ చేతిదేనా?"

నాలుగేళ్ళుగా ఆ మాట అమ్మాయి అంటూనే ఉంది. తనను ఒకరు అనడం ఇదే మొదలు. అది చెవుల్లోంచి కాదు, చర్మంలోంచి లోపలికి పోయింది.

"నాదేనండీ."

"ఆయన్ని ఇవాళే బల్లకి మార్చేస్తా," అంది యజమానురాలు. గుమ్మం దిగుతూ బోర్డు వైపు ఇంకోసారి చూసి, "ఆ పట్టుబట్టలావిడ ఇంటికి నువ్వే వెళ్ళి చెప్పిరావాలి మరి," అంది. అమ్మాయి ఆ సాయంత్రమే వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆవిడ విని, తలుపు వేసుకుంది. పట్టుబట్టలు మాత్రం సోమవారం లాండ్రీకి చేరాయి.

అదే సోమవారం మరకల మాస్టారు వచ్చాడు. తెల్లగుడ్డలో చుట్టిన ట్రంకుపెట్టె నవల కౌంటర్ మీద పెట్టాడు. "అయిపోయింది. మావాళ్ళు తమ్ముడి మీద ఇంకా కోపంగా ఉన్నారు," అని బాబాయితో చెప్పి, వెనక గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు.

"మెత్తటి గుడ్డ గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బాగా పిండి, మచ్చ మీద ఊరికే ఆనించు. రుద్దకు. పిండి ఉబ్బుతుంది, అప్పుడు పుల్లతో ఎత్తెయ్. పేజీకి ఒక గుడ్డ మూల చాలు. నాకు కోపం లేదనుకోకు అమ్మాయ్. తొట్టి వాసన ఇంకా నా గోళ్ళలోంచి పోలేదు. కానీ పుస్తకాలేం చేశాయి పాపం."

"సరే మాస్టారూ," అంది తల దించుకునే.

ఆయన వెళ్ళాక ఆమె మొదటి పుస్తకం ముందేసుకుంది. గ్లౌజులు తొడుక్కోలేదు. తడిగుడ్డ ఆనించగానే ఎండిన పిండి ఉబ్బి, పులిసిన వాసన వేసింది. ముక్కు మూసుకోవాలనిపించినా మూసుకోలేదు. పుల్లతో ఎత్తింది. బురదలాంటి ముద్దగా లేచొచ్చింది. తనదే. పళ్ళెంలోకి దులిపింది. ఇంకో పేజీ తిప్పింది. ఇంకో ముద్ద. పది పేజీలయ్యేసరికి పళ్ళెం వైపు చూడలేకపోయింది. లేచి బయట గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

అరవయ్యో పేజీ దగ్గర మరకలు ముదిరాయి. కథ బిగిసింది. ఈ నవల ఆమెకు తెలిసిందే, ఎవరు ఎవర్ని మోసం చేస్తారో కూడా తెలుసు. అయినా అరవై రెండు దాటి, అరవై ఐదు దాటి, అరవై తొమ్మిది దగ్గర ఆమె చేతిలోని తడిగుడ్డ ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.

"అయిందా?" బాబాయి ముందు గదిలోంచి కేకేశాడు.

ఉలిక్కిపడింది. గుడ్డ కాగితం మీదే ఉంది. తడి రెండో పేజీకి దిగి, అక్షరాలు ఉబ్బి కనబడుతున్నాయి. బొటనవేలు అంచు మీద గట్టిగా నొక్కుకుని ఉంది.

"ఛీ!" అంది, ఈసారి ఎవరికీ వినబడకుండా. వేలు తీసి లంగాకు తుడుచుకుంది. తడిసిన పేజీల మధ్య పొడి కాగితం పెట్టింది. కత్తెర తీసుకుని పాత గుడ్డ ముక్కలోంచి సన్నటి పీలిక కోసి, పంటితో ఒక కొస పట్టుకుని, కుడి బొటనవేలికి నాలుగు చుట్లు గట్టిగా చుట్టి ముడేసింది. తర్వాత డెబ్బయ్యో పేజీ తిప్పింది.